చీమలు పాకిన చెయ్యి: మణికట్టులో నలిగిన నరం, ఎంఆర్‌ఐ చెప్పే జవాబు

పోయిన నెల గోడ పత్రిక ముందు నిలబడి చదువుతుంటే మా మేడం వచ్చి, "కవితలు చాలా వచ్చినయి. ఈసారి నువ్వొక సైన్సు వ్యాసం రాయి" అన్నారు. బీఏ తెలుగు చదివేదాన్ని, నాకు సైన్సెక్కడిది మేడం అన్నాను. "నిరుడంతా మీ అమ్మను పట్టుకొని ఆస్పత్రుల చుట్టూ తిరిగినవు కదా, అదే రాయి" అన్నారు.

అందుకని రాస్తున్నాను. ఇది మా అమ్మ కుడిచేతి గురించి, ఆ చేతి మణికట్టులో నలిగిన ఒక నరం గురించి, ఆ నరాన్ని చూడడానికి తీసిన ఎంఆర్‌ఐ గురించి. మధ్యలో నేను చేసిన ఒక పొరపాటు కూడా వస్తుంది. అది సైన్సులో జరిగిన పొరపాటు కాదు, భాషలో జరిగింది. మన డిపార్ట్‌మెంటులో చెప్పుకోవలసిందే కాబట్టి దాచకుండా రాస్తాను.

అమ్మ చెయ్యి

మీలో చాలామంది లాగే మేమూ షోలాపూర్ పూర్వభాగంలోనే ఉంటాం. మా ముత్తాతలు మగ్గం పని వెతుక్కుంటూ తెలంగాణ నుంచి వచ్చినవాళ్లు. నాన్న పవర్‌లూమ్ మీద పనిచేస్తాడు, అమ్మ బీడీలు చేస్తుంది. ఆ పని మన ఇళ్లలో ఎవరికీ కొత్త కాదు. కానీ చేతి సంగతి అర్థం కావాలంటే ఒకసారి ఆ వేళ్లనే గమనించండి. తడిపిన ఆకును కత్తెరతో కోసేటప్పుడు బొటనవేలు గట్టిగా నొక్కాలి. తంబాకు వేసి బొటనవేళ్లు, చూపుడువేళ్లతో దొర్లించాలి. కొస మడవాలి, దారం చుట్టి బిగించాలి. ఒక్క బీడీకి ఇన్ని కదలికలు. రోజుకు వెయ్యి బీడీలంటే ఈ మొత్తం వరస వెయ్యిసార్లు. అంతసేపూ మణికట్టు కిందికో పక్కకో వంగే ఉంటుంది.

రెండేళ్ల కింద వానకాలంలో అమ్మ నడిరాత్రి లేచి కూర్చోవడం మొదలుపెట్టింది. లేచి చెయ్యిని గట్టిగా విదిలించేది, తడిబట్ట దులిపినట్టు. కాసేపటికి తగ్గేది, మళ్లీ పడుకునేది. ఏమైందమ్మా అంటే, "చెయ్యి గుంజుతున్నది బిడ్డా. చీమలు పాకినట్టయి తిమ్మిరెక్కుతున్నది" అనేది.

మూడు నెలలయ్యాక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. అమ్మకు బజారు మరాఠీ వస్తుంది కానీ జబ్బు చెప్పుకునే మరాఠీ రాదు. నేనే దుబాసీని. అమ్మ చెప్పినదంతా విని నేను డాక్టరుకు ఒక్క ముక్కలో చెప్పాను: "హాత్ దుఖ్తోయ్." చెయ్యి నొస్తున్నది అని.

అక్కడే తప్పాను. అమ్మ నొప్పి అనలేదు. గుంజుడు అన్నది, తిమ్మిరి అన్నది, చీమలు అన్నది. మూడు మాటలను నేను ఒక్క "నొప్పి" కింద కట్టేశాను. ఎక్కడి నుంచి నొస్తుంది అని డాక్టరు అడిగితే అమ్మ భుజం నుంచి కిందికి చూపించింది. మెడలో నరం నొక్కుకుపోయినా చేతిలోకి నొప్పి దిగుతుంది. ఆయన మెడకు ఎంఆర్‌ఐ రాశారు. నేను చెప్పిన మాటకు అది సరైన దారే.

ఆ స్కానుకు అమ్మ నెల దాటిన కూలి పోయింది. మెడ ఎముకల మధ్య డిస్కులు కొంచెం అరిగినట్టు వచ్చింది. నలభై ఐదేళ్లు దాటినవాళ్లలో ఏ బాధా లేకున్నా ఇలాంటి అరుగుదల స్కానులో కనిపించడం మామూలేనని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం జబ్బు దొరికింది అనుకున్నాం. నొప్పి మాత్రలు, మెడపట్టీ. అట్లా ఎనిమిది నెలలు గడిచినయి. చీమలు మాత్రం పాకుతూనే ఉన్నాయి.

ఆ ఎనిమిది నెలల్లో అమ్మ జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోయింది. చాయ్ గ్లాసు రెండుసార్లు జారింది. బీడీకి దారం బిగించలేక మా చిన్నత్తకు ఇచ్చేది. ఒకరోజు అమ్మ రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి చూస్తే, కుడిచేతి బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండాల్సిన కండ చదునైపోయి ఉంది. అప్పుడు భయమేసింది.

మూడు ప్రశ్నలు

ఈసారి ఇంకో ఆస్పత్రిలో చేతుల ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ దగ్గరికి పోయాం. ఆమె పాత స్కాను కవరు పక్కన పెట్టి మూడు ప్రశ్నలు అడిగింది. ఏ వేళ్లు? ఏ టైములో? తగ్గడానికి ఏం చేస్తారు?

ఈసారి నేను తెలివి తెచ్చుకొని అమ్మ మాటను ఉన్నదున్నట్టు మరాఠీలో పెట్టాను. చీమలు పాకినట్టు ఉంటుందట అన్నాను. డాక్టరమ్మ తలూపింది. మరాఠీలో తిమ్మిరిని చెప్పే మాట కూడా అదేనట, "ముంగ్యా యేణే", చీమలు రావడం! పక్కపక్కన బతికే రెండు భాషలు ఒకే చీమలను చూశాయి. నేనే మధ్యలో వాటిని దులిపేశాను.

ఏ వేళ్లు అంటే అమ్మ బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు చూపించింది. ఉంగరపు వేలు సగం అన్నది. చిటికెన వేలికి ఏమీ లేదన్నది. ఎప్పుడు అంటే రాత్రి. ఏం చేస్తారు అంటే మాట లేకుండా చెయ్యి విదిలించి చూపించింది. ఇంకా ఒక్క పరికరమైనా ముట్టుకోకముందే డాక్టరమ్మ జబ్బు పేరు చెప్పింది: కార్పల్ టన్నెల్ సిండ్రోమ్. తెలుగులో చెప్పుకోవాలంటే మణికట్టు సొరంగం ఇరుకైపోయే జబ్బు.

సొరంగంలో ఏముంది

మణికట్టులో 8 చిన్న ఎముకలు ఉంటాయి. మన పాఠ్యపుస్తకాల్లో వీటినే మణిబంధాస్థులు అంటారు. అవి అరచేతి వైపు ఒక దోనెలాగా వంగి అమరి ఉంటాయి. ఆ దోనె మీద మూతలాగా ఒక గట్టి పట్టీ అడ్డంగా బిగించి ఉంటుంది. కింద ఎముకలు, పైన పట్టీ, రెండింటి మధ్య సందు. అదే సొరంగం. ఎముక సాగదు, పట్టీ కూడా పెద్దగా సాగదు.

ఈ ఇరుకులోంచి పది పోతాయి. తొమ్మిది టెండన్లు, అంటే వేళ్లను మడిచే తాళ్లు. పదోది మీడియన్ నరం. మన వాడుకలో నరం అంటే చర్మం కింద నీలంగా కనిపించే రక్తనాళం కూడా అవుతుంది. ఇక్కడ చెప్పేది అది కాదు. స్పర్శను మెదడుకు మోసి, మెదడు ఆజ్ఞను కండకు తెచ్చే తీగ ఇది. తొమ్మిది తాళ్లకు వాపు వచ్చినా, లోపల ఏదైనా గడ్డ పెరిగినా, ఒంటిలో నీరు చేరినా, ఆ పదిటిలో మెత్తనిది నరమే కాబట్టి నలిగేది అదే.

ఈ నరం బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం, వీటికి స్పర్శనిస్తుంది. చిటికెన వేలికి పోయే నరం వేరు, అది ఈ సొరంగంలోకి రాదు. అమ్మ చిటికెన వేలు బాగుండడానికి కారణం అదే. అరచేతి మట్టన ఉన్న చర్మానికి స్పర్శనిచ్చే కొమ్మ కూడా సొరంగానికి ముందే విడిపోయి పట్టీ పైనుంచి పోతుంది. అందుకే అక్కడా తిమ్మిరి ఉండదు. ఒంటి మీద తిమ్మిరి గీసిన ఈ హద్దే జబ్బు ఎక్కడుందో సగం చెప్పేస్తుంది.

బొటనవేలిని మిగతా వేళ్లకు ఎదురుగా తెచ్చే కండకు కూడా ఈ నరమే ఆజ్ఞ తెస్తుంది. దారం కట్టాలన్నా, హుక్కు పెట్టాలన్నా, పెన్ను పట్టాలన్నా ఆ కండే ఆధారం. చాలాకాలం ఆజ్ఞ అందకపోతే ఆ కండ కరిగిపోతుంది.

రాత్రే ఎందుకు? నిద్రలో మనకు తెలియకుండా మణికట్టు మడుచుకుంటాం. 1981లో అమెరికాలో గెల్బర్‌మన్ అనే సర్జన్ బృందం సన్నని గొట్టంతో ఈ సొరంగంలో ఒత్తిడి కొలిచింది. చెయ్యి తిన్నగా ఉన్నప్పుడు ఆరోగ్యవంతుల్లో సగటు 2.5 మిల్లీమీటర్ల పాదరసం. ఈ జబ్బు ఉన్నవాళ్లలో 32. వాళ్లే మణికట్టును పూర్తిగా మడిస్తే 94. ఒత్తిడి పెరిగితే నరానికి రక్తం అందడం తగ్గుతుంది. కూర్చుంటే కాలు తిమ్మిరెక్కినట్టు, రాత్రంతా చేతికి అదే జరుగుతుంది. అమ్మ చెయ్యి విదిలించడం ఒట్టి అలవాటు కాదు, తెలియకుండానే తను చేసుకున్న వైద్యం.

చచ్చాక చూసిన నరం

ఈ జబ్బు చరిత్ర చదువుతుంటే ఒక సంగతి నన్ను ఆపేసింది. మణికట్టు దగ్గర ఎముక విరిగిన తర్వాత ఈ నరం నలగడం గురించి ఇంగ్లండు సర్జన్ జేమ్స్ పాజెట్ 1854లోనే రాశాడు. కానీ ఏ దెబ్బా లేకుండా నరం నలిగితే లోపల ఎలా ఉంటుందో చూసినవాళ్లు 1913లో ఫ్రాన్సులో మరీ, ఫోయి అనే ఇద్దరు డాక్టర్లు. చూడగలిగింది ఎప్పుడంటే ఒక ముసలమ్మ చనిపోయాక. ఆమె బొటనవేలి కండ కరిగిపోయి ఉంది. కోసి చూస్తే నరం పట్టీకి పైన ముడిలాగా ఉబ్బి, పట్టీ కింద నలిగి ఉంది. ముందే గుర్తించి పట్టీని కోసి ఉంటే ఆ చెయ్యి దక్కేదేమో అని వాళ్లు రాసిపెట్టారు. తర్వాత 1950ల నుంచి అమెరికా సర్జన్ జార్జ్ ఫాలెన్ చాలామంది రోగులను చూసి రాసిన వ్యాసాలతో ఈ జబ్బు డాక్టర్లందరికీ తెలిసింది.

అంటే ఒకప్పుడు ఈ నరాన్ని చూడాలంటే మనిషి చనిపోవాలి, లేదా చెయ్యి కొయ్యాలి. ఇప్పుడు కొయ్యకుండా, బతికుండగా చూడగలగడమే ఎంఆర్‌ఐ గొప్ప. ఆ గొప్ప తెలిసిన తర్వాతే దాని హద్దు గురించి మాట్లాడాలి.

అనునాదం అంటే

ఎంఆర్‌ఐ పేరులోని రెండో మాట రెజొనెన్స్. దానికి మన మాట అనునాదం. ఒకే శ్రుతిలో ఉన్న రెండు తీగల్లో ఒకటి మీటితే రెండోది ముట్టకుండానే పలుకుతుందే, అది. ఒంటిలో ఎక్కువభాగం నీరు. నీటిలో హైడ్రోజన్ ఉంటుంది. దాని ప్రతి కేంద్రకమూ ఒక చిన్న అయస్కాంతం లాంటిది. మామూలుగా ఇవి తలోదిక్కు చూస్తుంటాయి. పెద్ద అయస్కాంతంలోకి పోగానే కొంచెం ఎక్కువ భాగం ఒకే దిక్కుకు తిరుగుతాయి. మామూలు ఎంఆర్‌ఐ యంత్రం బలం 1.5 టెస్లా, కొన్నిచోట్ల 3 టెస్లా. 1.5 టెస్లా అంటే భూమి అయస్కాంత బలానికి సుమారు 30,000 రెట్లు.

అప్పుడు వాటి శ్రుతికి సరిపోయే రేడియో తరంగం పంపుతారు. అవి ఊగుతాయి. తరంగం ఆపగానే మళ్లీ సర్దుకుంటూ తిరిగి ఒక సన్నని సంకేతం ఇస్తాయి. కొవ్వులోవి ఒక వేగంతో, నీటిలోవి ఒక వేగంతో, కండలోవి ఒక వేగంతో సర్దుకుంటాయి. ఆ తేడాయే బొమ్మలో తెలుపు, నలుపు, బూడిదరంగు అవుతుంది. ఏ సంకేతం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడానికి అయస్కాంత బలాన్ని చోటు చోటుకూ కొంచెం మార్చే పద్ధతిని పాల్ లాటర్‌బర్ 1973లో చూపించాడు. పీటర్ మాన్స్‌ఫీల్డ్ దాన్ని ఇంకా ముందుకు తీసుకుపోయాడు. ఇద్దరికీ 2003లో వైద్యశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఇందులో ఎక్స్‌రే కిరణాలు ఉండవు.

ఒకే చోటును రెండు మూడు రకాలుగా తీస్తారు. టీ1 అనే రకంలో కొవ్వు తెల్లగా మెరుస్తుంది. టీ2 అనే రకంలో నీరు మెరుస్తుంది, కొవ్వు మెరుపును అణచే పద్ధతి కూడా దానితో కలుపుతారు. టెండన్లు రెండింటిలోనూ నల్లగానే ఉంటాయి. ఆ నల్లని తాళ్ల మధ్య నరం బూడిదరంగులో కనిపిస్తుంది.

నరం నలిగితే బొమ్మలో ఏం కనిపిస్తుంది

రేడియాలజీ డాక్టర్లు ముఖ్యంగా నాలుగు చూస్తారు. ఒకటి, సొరంగం నోటి దగ్గర నరం ఉబ్బడం. పైపును ఒకచోట నొక్కితే వెనక ఉబ్బినట్టు. రెండు, సొరంగం లోపల నరం చప్పబడడం. మూడు, మూతలాంటి పట్టీ అరచేతి వైపు విల్లులాగా వంగడం. నాలుగు, టీ2 బొమ్మలో నరం మామూలుకంటే ఎక్కువ మెరవడం, అంటే దానిలో నీరు చేరిందని.

వీటితోపాటు బొటనవేలి కండనూ చూస్తారు. ఆజ్ఞలు తెగిన కొత్తలో ఆ కండ టీ2లో మెరుస్తుంది. చాలాకాలమైతే కండ తగ్గి, ఆ జాగాలో కొవ్వు చేరుతుంది. అప్పుడు టీ1లో తెల్లని చారలు కనిపిస్తాయి. మొదటిది కోలుకునే ఆశ, రెండోది ఆలస్యం అయిందన్న గుర్తు.

అయితే అందరికీ స్కాను తీయాలా?

నేనూ డాక్టరమ్మను ఇదే అడిగాను. మొదటిసారి మెడకు తీసినట్టే ఇప్పుడు మణికట్టుకు తీస్తే తేలిపోతుంది కదా అని. ఆమె గోడ మీద స్విచ్చు బోర్డు చూపించి, ఆ వైరు ఫోటో తీస్తే దానిలో కరెంటు వస్తుందో లేదో తెలుస్తుందా అన్నది.

ఎంఆర్‌ఐ నరం ఆకారం చూపిస్తుంది. నరం పని చేస్తున్నదా లేదా చెప్పదు. ఏ బాధా లేనివాళ్ల మణికట్టులో కూడా నరం కొంచెం మెరవవచ్చు, చప్పగా ఉండవచ్చు. నిజంగా జబ్బు ఉండి మొదట్లోనే అయితే బొమ్మ మామూలుగానూ రావచ్చు. అందుకే అమెరికా ఎముకల సర్జన్ల సంఘం 2016లో ఇచ్చిన సూచనల్లో, ఈ జబ్బును గుర్తించడానికి ఎంఆర్‌ఐని మామూలుగా వాడవద్దనే చెప్పారు.

మరి దేనితో గుర్తిస్తారు? మొదట మాటతో, తర్వాత చేతితో. ఫాలెన్ పరీక్షలో మణికట్టును నిమిషంసేపు మడిచి ఉంచుతారు, తిమ్మిరి వస్తుందా చూస్తారు. టినెల్ పరీక్షలో నరం మీద వేలితో తడతారు, వేళ్లలోకి జివ్వుమంటే గుర్తు. సొరంగం మీద బొటనవేలితో అరనిమిషం ఒత్తి చూడడం ఇంకోటి. బొటనవేలి బలం చూస్తారు. ఆ తర్వాత అవసరమైతే నరాల కండక్షన్ పరీక్ష. చర్మం మీద చిన్న కరెంటు ఇచ్చి, అది మణికట్టు దాటడానికి ఎంతసేపు పట్టిందో కొలుస్తారు. వైరులో కరెంటు చూడడం అంటే ఇదే. అమ్మ కుడిచేతిలో అది బాగా ఆలస్యమైంది.

బొమ్మ కావాలనుకుంటే ముందు అల్ట్రాసౌండ్ చాలు, ఖర్చు తక్కువ. సొరంగం నోటి దగ్గర నరం అడ్డకోత వైశాల్యం సుమారు 10 చదరపు మిల్లీమీటర్లు దాటితే అనుమానిస్తారు.

మరి ఎంఆర్‌ఐ ఎప్పుడు? లోపల గడ్డ ఉందని అనుమానం వచ్చినప్పుడు. ఆపరేషన్ అయ్యాక కూడా తిమ్మిరి తగ్గనప్పుడు, లేదా తగ్గి తిరిగి వచ్చినప్పుడు. పాత దెబ్బ వల్ల ఎముకల అమరిక మారినప్పుడు. అల్ట్రాసౌండ్‌లో ఏదో కనిపించి, అదేమిటో, ఎంత లోతుందో తేలనప్పుడు. అంటే ఒక ప్రశ్న చేతిలో ఉన్నప్పుడు. స్కాను జవాబు లాంటిది. ప్రశ్న లేకుండా తీస్తే దేనికి జవాబో మనకే తెలియదు. మెడ స్కాను విషయంలో మాకు జరిగింది అదే.

ప్రశ్న ఉన్న స్కాను

అమ్మ విషయంలో రెండోసారి ప్రశ్న దొరికింది. బీడీల పనిలో రెండు చేతులూ సమానంగా అరుగుతాయి. ఈ జబ్బు చాలామందిలో రెండు చేతులకూ వస్తుంది. అమ్మకు ఎడమచెయ్యి దాదాపు బాగానే ఉండి, కుడిది మాత్రం ఇంతగా పాడవడం డాక్టరమ్మకు వింతగా తోచింది. తడిమి చూస్తే మణికట్టు లోతులో ఏదో చిన్న గట్టిదనం. అల్ట్రాసౌండ్‌లో నీటి తిత్తిలాంటిది కనిపించింది కానీ దాని కొస ఎంతవరకు పోయిందో తెలియలేదు. అప్పుడు మణికట్టుకు ఎంఆర్‌ఐ రాసింది.

స్కాను రోజు పెద్ద పేచీ అమ్మ మంగళసూత్రం. లోహం ఏదీ ఉండొద్దన్నారు. మట్టెలు, చెవి కమ్మలు, పిన్నులు, అన్నీ తీసింది. మంగళసూత్రం దగ్గర ఆగింది. చివరికి పసుపుకొమ్ము దారానికి కట్టి మెడలో వేసుకుని, అప్పుడు తీసిచ్చింది. గుండెలో పేస్‌మేకర్ ఉందా, కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడిందా, తలలో క్లిప్పులు ఉన్నాయా అని అడిగారు. ఈ ప్రశ్నలకు తేలికగా జవాబు ఇవ్వొద్దు. ఆ అయస్కాంతం ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, లోపల ఇనుము ఉంటే ప్రాణం మీదికి వస్తుంది.

అమ్మను బోర్లా పడుకోబెట్టి, కుడిచెయ్యి తల ముందుకు చాపించి, మణికట్టుకు ఒక చిన్న తొడుగులాంటి కాయిల్ పెట్టారు. దాదాపు అరగంట కదలకూడదు. చెయ్యి కదిలితే బొమ్మ చెదిరిపోతుంది. ఆ భంగిమలో చీమలు మళ్లీ మొదలయ్యాయట. విదిలించడానికి లేదు. బయటికొచ్చాక, "చప్పుడు మీ నాన్న మగ్గం లెక్కనే ఉన్నది, దానికేం భయం గాలె. చెయ్యి దులపొద్దంటేనే ఏడుపొచ్చింది" అన్నది.

రిపోర్టులో నాలుగు గుర్తులూ ఉన్నాయి. అదనంగా, టెండన్ల పక్కన వేరుశనగ గింజంత తెల్లని తిత్తి నరాన్ని పైకి నెట్టి పట్టుకుని ఉంది. గ్యాంగ్లియన్ అంటారు, లోపల జిగట నీరు ఉంటుంది, క్యాన్సర్ కాదు. బొటనవేలి కండలో అక్కడక్కడా కొవ్వు చారలు కూడా ఉన్నాయి. డాక్టరమ్మ ఆ చారల మీద పెన్నుతో చూపించి, ఇంతమేరకు తిరిగి రాకపోవచ్చు అన్నది. ఆ ఎనిమిది నెలలు నాకు ఆ చారల్లో కనిపించాయి.

తర్వాత

మామూలుగా ఈ జబ్బు మొదట్లోనే అయితే ఆపరేషన్ అక్కరలేదు. రాత్రిపూట మణికట్టును తిన్నగా ఉంచే పట్టీ చాలామందికి పనిచేస్తుంది. కొందరికి ఇంజెక్షన్ ఇస్తారు, కొన్ని నెలలు ఉపశమనం ఉంటుంది. షుగరు, థైరాయిడ్, కీళ్లవాతం ఉన్నాయేమో చూస్తారు, అవీ దీనికి దారితీస్తాయి. గర్భిణులకు కూడా వస్తుంది, చాలామందికి కాన్పు తర్వాత తగ్గుతుంది. కండ తగ్గడం మొదలైతే మాత్రం ఆలస్యం చేయకూడదు.

అమ్మకు ఆపరేషనే చేశారు. చెయ్యి వరకు మత్తిచ్చి, పట్టీని కోసి సొరంగాన్ని వదులు చేసి, తిత్తిని తీసేశారు. ఎంఆర్‌ఐలో దాని కొస ఎక్కడుందో తెలిసింది కాబట్టి ఎక్కడివరకు తెరవాలో ముందే నిర్ణయించుకున్నామని డాక్టరమ్మ చెప్పింది. రెండో స్కాను ఖర్చుకు ఫలితం అదీ.

ఆ వారంలోనే అమ్మ రాత్రంతా నిద్రపోయింది. చీమలు పోయాయి. వేళ్ల కొసల్లో స్పర్శ నెమ్మదిగా వచ్చింది. హుక్కులు పెట్టుకుంటున్నది. బొటనవేలి కండ మాత్రం పూర్తిగా రాలేదు. దారం ఇంకా చిన్నత్తే బిగిస్తుంది. వెయ్యి బీడీలు ఇప్పుడు ఆరువందలయ్యాయి.

మీరు అడగవలసింది

మన క్లాసులో ఎంతమంది అమ్మలు బీడీలు చేస్తారో, మిషను కుడతారో, రోజంతా రొట్టెలు కొడతారో నాకు తెలుసు. ఈ రాత్రి ఇంటికి పోయి మూడు ప్రశ్నలు అడగండి. ఏ వేళ్లు? ఎప్పుడు? చెయ్యి విదిలిస్తే తగ్గుతుందా? తర్వాత రెండు అరచేతులూ వెలుతురులో పక్కపక్కన పెట్టి బొటనవేలి కండ చూడండి. అనుమానం వస్తే స్కాను సెంటరుకు కాదు, ముందు చెయ్యిని పట్టి చూసే డాక్టరు దగ్గరికి పోండి. చేతికి దెబ్బ తగిలి అప్పటికప్పుడు తిమ్మిరి వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు.

ఇంకొక మాట, తెలుగు విద్యార్థిగా. తిమ్మిరి, మొద్దుబారడం, జివ్వుమనడం, సలపడం, గుంజడం, మంట, పోటు. మన భాషలో ఇవన్నీ వేరువేరు బాధలు. ఒక్కొక్కటి ఒంటిలో ఒక్కో చోటును చూపిస్తుంది. మనలో చాలామందిమి అమ్మలకు, నాయనమ్మలకు ఆస్పత్రిలో దుబాసీలం. వాళ్లు చెప్పిన మాటను చిన్నది చేయకండి. దానికి సరైన మరాఠీ మాట తట్టకపోతే, చీమలు అంటే చీమలనే చెప్పండి. మిగతాది డాక్టరు చూసుకుంటారు.

— బీఏ తెలుగు, మూడో సంవత్సరం